నింద వేరు, ప్రశ్న వేరు

మేడ్చల్ రోడ్డులో కొంపల్లి దాటాక, అటు శామీర్‌పేట వైపు తూముకుంట, అలియాబాద్ దాకా, ఒకప్పుడు పొలాలున్న చోట ఇప్పుడు వెంచర్లు వచ్చాయి. వాటి మధ్య రేకుల షెడ్లలో, అద్దె హాళ్లలో ప్రార్థనా మందిరాలు. పాస్టరు గురించి మాట పుడితే అప్పట్లో ఊరి పొలిమేర దాటేది కాదు. ఇప్పుడు ఆదివారం ప్రసంగం లైవ్‌లో వెళ్తుంది. సాయంత్రానికి అందులో ఒక ముక్క ఎవరెవరి ఫోన్లలోనో తిరుగుతుంది. ఈ ప్రాంతపు యువ సేవకులు మమ్మల్ని తరచూ అడిగే ప్రశ్న ఇదే: అయ్యగారూ, మా మీద మాట వస్తే జవాబు చెప్పాలా, ప్రార్థన చేసుకుని ఊరుకోవాలా?

తగిలింది దేనికో ముందు చూసుకోమని వారికి చెబుతాం. మన పరువుకైతే ఊరుకోవచ్చు. కానుకల డబ్బు, మన ప్రవర్తన, సంఘంలోని ఆడవాళ్ల, పిల్లల క్షేమం గురించైతే ఊరుకునే హక్కు మనకు లేదు.

మనలో చాలామందికి ప్రశ్న వినగానే గుర్తొచ్చేది అభిషిక్తులను ముట్టకూడదనే మాట. 105వ కీర్తన చదివి చూడండి. అక్కడున్నది పరదేశులుగా తిరిగిన పితరులను రాజుల చేతి నుంచి దేవుడు కాపాడిన సంగతి. లెక్క అడిగిన సంఘ పెద్ద నోరు మూయించడానికి రాసిన వాక్యం కాదది. సౌలును చంపనన్న దావీదు కూడా, కోసి తెచ్చిన వస్త్రపు చెంగు చేత పట్టుకుని, అందరూ వింటుండగా సౌలు అన్యాయాన్ని ఎత్తి చూపాడు (1 సమూయేలు 24). అభిషిక్తుడి మీద కత్తి ఎత్తలేదు, అతణ్ణి అడగడం మాత్రం మానలేదు.

ఇది మేము అనుభవం మీదే నేర్చుకున్నాం. చాలా ఏళ్ల క్రితం మా సంఘం ఒక పాత వ్యాను కొన్నది. వార్షిక కూటంలో ఒక పెద్దాయన లేచి, రిపేర్ల బిల్లులు చూపిస్తారా అని అడిగారు. మాకు కోపం వచ్చింది. మరుసటి ఆదివారం, పేరెత్తకుండా, మిర్యాము కుష్ఠు గురించి ప్రసంగించాం. ఎవరి గురించో అందరికీ తెలుసు. నిజానికి మేము రూపాయి తినలేదు, కానీ సగం బిల్లులు మా దగ్గర లేవు. ఆ కోపమంతా అందుకే. ఆయన ఇంటికి వెళ్లి క్షమాపణ అడగడానికి మాకు నాలుగు నెలలు పట్టింది.

ఈ విషయంలో మన తెలంగాణ గడ్డ మీదే, డోర్నకల్‌లో, గుర్తుంచుకోవలసిన చరిత్ర ఉంది. బిషప్ అజరయ్య మొదట తానే విమర్శకుడు. 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో, మిషనరీలు భారతీయ సేవకులతో స్నేహితుల్లా మెలగడం లేదని వారి ముందే చెప్పారు. విన్నవారిలో కొందరు నొచ్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన్ను ఆంగ్లికన్ సంఘపు తొలి భారతీయ బిషప్పుగా అభిషేకించారు. అంతకుముందు మిషనరీలూ అభ్యంతరం చెప్పారు, మన క్రైస్తవులూ చెప్పారు. కొందరి అభ్యంతరం ఆయన పుట్టిన కులం మీద. ఆ నిందకు ఆయన ముప్పై ఏళ్లకు పైగా తెలుగు పల్లెల్లో చేసిన పనికి మించిన జవాబు మాకు కనబడదు.

1930లలో వచ్చిన విమర్శ వేరు. మాల, మాదిగ పేటలు పేటలుగా సంఘంలో చేరుతుండగా, వీళ్లు తెలిసి చేరుతున్నారా, లాభం కోసమా అని గాంధీగారితో సహా దేశం అడిగింది. పేదవాడికి ఆత్మ విషయం అర్థం కాదన్న ధ్వనిని అజరయ్య ఒప్పుకోలేదు. అయితే ప్రశ్నను తోసివేయనూ లేదు. ఆయన అధ్యక్షుడిగా ఉన్న జాతీయ క్రైస్తవ సమాఖ్య ఈ సామూహిక ఉద్యమాలపై అధ్యయనం చేయించింది. అమెరికన్ మెథడిస్టు మిషనరీ వాస్కమ్ పికెట్ రాసిన ఆ గ్రంథం 1933లో వెలువడింది. ఎందుకు చేరారని విశ్వాసులనే అడిగి, జవాబులను నాలుగు రకాలుగా విడదీశారు. వాటిలో ఆత్మీయ కారణాలున్నాయి, సహాయం కోసం, గౌరవం కోసం వచ్చామన్నవీ ఉన్నాయి. విమర్శకులకు పనికొచ్చే జవాబులను కూడా దాచలేదు. నేడు మనలో ఎంతమందికి ఆ ధైర్యముంది?

డబ్బు సంగతికి వస్తే, పౌలు కానుకలను ఒంటరిగా మోయలేదు. సంఘాలు ఏర్పరచిన మనుషులను వెంట తీసుకున్నాడు (2 కొరింథీ 8). బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకాలు, ఏటా ఆడిట్, విదేశీ నిధులుంటే ఎఫ్‌సీఆర్‌ఏ రిటర్ను, ఇవి అవిశ్వాసపు గుర్తులేమీ కావు. ప్రవర్తన మీద ఫిర్యాదు వస్తే ఒకటవ తిమోతి 5:19 ఒక్కటే చదివి ఆపకండి. సాక్షులు కావాలన్న వెంటనే, పాపం చేసిన వారిని అందరి ఎదుట గద్దించమనే 20వ వచనం ఉంది. పిల్లల విషయమైతే సంఘ విచారణతో సరిపెట్టకూడదు, పోలీసులకు చెప్పాలి. అది చట్టం కూడా.

ఇరుగు పొరుగు ఫిర్యాదు కూడా విమర్శే. శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట మైకు పెట్టకూడదు. రాత్రి ప్రార్థనకు మైకు తగ్గించమన్న పక్కింటివారిని సువార్త శత్రువుగా చిత్రించడం మాకు నచ్చదు. పరీక్షలకు చదివే పిల్ల ఆ ఇంట్లో ఉండవచ్చు.

మరి అబద్ధమైతే? నెహెమ్యాను చూడండి. తిరుగుబాటు చేస్తున్నావని సన్బల్లటు విప్పిన ఉత్తరం పంపితే, అది నిజం కాదని ఒక్కసారి చెప్పి గోడ కట్టుకున్నాడు. ఓనో మైదానానికి చర్చలకు పోలేదు. కత్తిరించిన వీడియో తిరిగితే పూర్తి ప్రసంగం పెట్టండి, ఒక్క పేరాలో వివరణ ఇవ్వండి, అంతే. రాత్రి పదకొండుకు, కోపంలో, ఫోను ముట్టకండి. బెదిరింపు వస్తే చట్టాన్ని ఆశ్రయించండి. పౌలు తన రోమా పౌరసత్వాన్ని వాడుకున్నాడు కదా.

ఈ ఏడాది కూడా మార్చి లెక్కలు మందిరం గోడకు అంటించాం. ఆ పెద్దాయనకు ఇప్పుడు చూపు తగ్గింది. కళ్లద్దాలు సర్దుకుని, వరుస వరుస చదివి, జనరేటరు డీజిల్ ఖర్చు దగ్గర వేలు పెట్టి ఆగారు. బిల్లులు తీసుకురావడానికి మేము లోపలికి వెళ్లాం.