సూడోమోనాస్: ఆసుపత్రి వార్డులో ఒక వంశం, ఊపిరితిత్తుల్లో అనేక రూపాలు

ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ జిల్లాకు చెందిన భిలాయ్, 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితంగా రూపుదిద్దుకున్న ఉక్కు నగరం. అక్కడి తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి ఉపాధి కోసం వెళ్లిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఆ నగరంలో స్థిరపడ్డాయి. కర్మాగారానికి అనుబంధంగా సెక్టార్-9లో ఉన్న జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రి ఉద్యోగులకూ, విశ్రాంత ఉద్యోగులకూ ప్రధాన వైద్యకేంద్రం.

ఇటువంటి పారిశ్రామిక నగరపు ఆసుపత్రికి పరస్పర సంబంధం లేని రెండు రకాల రోగులు వస్తారు. మొదటివారు కాలిన గాయాలతో, ప్రమాదాలతో అత్యవసర విభాగంలో చేరేవారు. 2018 అక్టోబర్ 9న భిలాయ్ కర్మాగారపు కోక్ ఓవెన్ విభాగంలో గ్యాస్ పైపులైను వద్ద సంభవించిన పేలుడులో పది మందికి పైగా మరణించారు. కాలిన గాయాల చికిత్సా విభాగం ఉక్కు నగరానికి ఎంత అవసరమో ఆ ఒక్క దుర్ఘటన చాలు చెప్పడానికి. రెండోవారు ఏళ్ల తరబడి దగ్గు, ఆయాసం, కఫంతో బాధపడుతూ ఛాతీ వ్యాధుల విభాగానికి వచ్చేవారు. ఈ రెండు వర్గాల కల్చర్ రిపోర్టుల్లోనూ ఒకే పేరు కనిపించవచ్చు. అది సూడోమోనాస్ ఎరుజినోసా. పేరు ఒకటే అయినా, ఆ రెండు నివేదికలు చెప్పే కథలు వేర్వేరు. ఆ తేడాను బయటపెట్టేది బ్యాక్టీరియా జన్యుక్రమం.

గాయానికి కట్టిన గుడ్డ నీలి ఆకుపచ్చ రంగుకు మారడం వైద్యులకు పూర్వం నుంచీ తెలిసిన విషయమే. ఆ రంగుకు కారణమైన సూక్ష్మజీవిని 1882లో ఫ్రాన్స్‌కు చెందిన కార్ల్ గెస్సార్ వేరుచేశారు. నేల, నీరు, కుళాయి మూతి, సింకు గొట్టం, వెంటిలేటర్ తేమ, ఇలా తడి ఉన్న ప్రతి చోటా ఇది బతకగలదు. ఆరోగ్యవంతులకు సాధారణంగా హాని చేయదు. చర్మం కాలిపోయినప్పుడు, గొంతులోకి గొట్టం వేసినప్పుడు, ఊపిరితిత్తులు ముందే దెబ్బతిన్నప్పుడు మాత్రం ప్రాణాంతకమవుతుంది.

దీని జన్యు సంపద చాలా పెద్దది. ఆస్ట్రేలియాలో 1950వ దశకంలో ఒక గాయం నుంచి సేకరించిన పీఏఓ1 అనే రకపు పూర్తి జన్యుక్రమం 2000 సంవత్సరంలో వెలువడింది. అందులో దాదాపు 63 లక్షల జన్యు అక్షరాలు, 5,570 జన్యువులు ఉన్నట్లు తేలింది. క్షయ బ్యాక్టీరియా జన్యుక్రమం 44 లక్షల అక్షరాలే. పైగా క్షయ బ్యాక్టీరియాలో రకానికీ రకానికీ వ్యత్యాసం స్వల్పం. సూడోమోనాస్ అలా కాదు. రెండు నమూనాల మధ్య వందలాది జన్యువుల తేడా ఉండవచ్చు. ఇతర బ్యాక్టీరియాల నుంచి కొత్త జన్యువులను స్వీకరించడం దీనికి నిత్యకృత్యం.

ఇంత వైవిధ్యం ఉన్నప్పటికీ, మనుషులకు సోకే రకాలు మాత్రం కొన్ని వంశాలకే పరిమితం కావడం విచిత్రం. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తల నాయకత్వంలో జరిగిన ఒక అధ్యయనం 2024 జూలైలో సైన్స్ పత్రికలో ప్రచురితమైంది. మనుషులు, జంతువులు, పరిసరాల నుంచి ప్రపంచవ్యాప్తంగా సేకరించిన దాదాపు పదివేల నమూనాలను అందులో పరిశీలించారు. ప్రతి పది ఇన్ఫెక్షన్లలో దాదాపు ఏడింటికి 21 వంశాలే కారణమని, అవి గత రెండు శతాబ్దాల కాలంలో వ్యాపించాయని వారు తేల్చారు. జనం ఇరుకైన నగరాల్లో గుమికూడడం, గాలి కాలుష్యం ఊపిరితిత్తులను బలహీనపరచడం ఇందుకు దోహదపడి ఉంటాయని వారి అంచనా. ఫర్నేసుల చుట్టూ పెరిగిన నగరాల వారికి ఈ అంచనా పట్టించుకోదగినదే.

ఆసుపత్రిలో జరిగేది ప్రధానంగా వ్యాప్తి. ఒకే వంశం ఒక పడక నుంచి మరో పడకకు, ఒక్కోసారి ఒక దేశం నుంచి మరో దేశానికి చేరుతుంది. ఎస్‌టీ235 అనే వంశం అనేక దేశాల ఆసుపత్రుల్లో కనిపిస్తుంది. ఈ వంశాలు మందులకు లొంగకపోవడానికి తరచూ బయటి నుంచి అరువు తెచ్చుకున్న జన్యువులే కారణం. ఎన్‌డీఎం-1 అటువంటిదే. భారత్‌లో చికిత్స పొంది స్వీడన్‌కు తిరిగి వెళ్లిన ఒక రోగిలో 2008లో మొదటిసారి బయటపడిన ఈ జన్యువు అప్పుడు క్లెబ్సియెల్లాలో ఉంది. తరువాత సూడోమోనాస్‌లోనూ కనిపించింది. కార్బాపెనెం వంటి శక్తిమంతమైన మందులను ఇది పనికిరాకుండా చేస్తుంది.

వ్యాప్తి ఎంత దూరం పోగలదో 2023లో అమెరికాలో వెలుగుచూసిన ఉదంతం చూపింది. తమిళనాడులో తయారైన కృత్రిమ కన్నీటి చుక్కల మందుతో ముడిపడిన ఆ ఇన్ఫెక్షన్ 18 రాష్ట్రాల్లో 81 మందికి సోకింది. నలుగురు మరణించారు, 14 మంది చూపు కోల్పోయారు. వందల మైళ్ల దూరంలోని ఆసుపత్రుల్లో వేర్వేరుగా నమోదైన కేసులు ఒకే మూలానికి చెందినవని నిర్ధారించడానికి జన్యుక్రమ పరీక్షే ఆధారమైంది.

దీర్ఘకాలిక ఊపిరితిత్తుల రోగుల్లో కథ ఇందుకు విరుద్ధంగా నడుస్తుంది. అక్కడ ఒకే వంశం ఒకే మనిషిలో ఏళ్ల తరబడి ఉండిపోయి, లోపల్లోపలే చీలిపోతుంది. పాశ్చాత్య దేశాల్లో ఎక్కువగా కనిపించే సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య వ్యాధిలో దీన్ని వివరంగా గమనించారు. ఒక చిన్నారి నుంచి ఆరు నెలల వయసులో, తిరిగి ఎనిమిదేళ్ల వయసులో సేకరించిన బ్యాక్టీరియాను పోల్చిన 2006 నాటి అధ్యయనం, ఆ వ్యవధిలో 68 ఉత్పరివర్తనలు చోటుచేసుకున్నట్లు గుర్తించింది. మారిన జన్యువుల స్వభావం మరింత ఆసక్తికరం. కొత్త చోటును ఆక్రమించడానికి అవసరమైన ఆయుధాలను బ్యాక్టీరియా క్రమంగా వదులుకుంటుంది. ఈదడానికి తోడ్పడే తోక పోతుంది, విషపదార్థాల ఉత్పత్తి తగ్గుతుంది. బదులుగా జిగురు పొర దట్టమవుతుంది. దాని చాటున రోగనిరోధక కణాలనుంచీ, మందులనుంచీ తప్పించుకుంటుంది. అంటే దాడి మానుకుని కాపురం పెడుతుందన్నమాట. ఇక్కడ మందుల నిరోధకత కూడా చాలావరకు అరువు తెచ్చుకున్నది కాదు, సొంత జన్యువుల్లో మార్పులతో సంపాదించుకున్నది.

భారత్‌లో ఈ కాపురానికి చోటిచ్చేది ఎక్కువగా క్షయ మిగిల్చిన మచ్చలు. శ్వాసనాళాలు శాశ్వతంగా వెడల్పై కఫం నిలిచిపోయే వ్యాధిని బ్రాంకియెక్టాసిస్ అంటారు. దేశంలోని 31 కేంద్రాల్లో 2,195 మంది రోగుల వివరాలతో 2019లో వెలువడిన నివేదిక ప్రకారం, వారిలో 35.5 శాతం మందికి వ్యాధి మూలం పూర్వపు క్షయ. కఫం పరీక్షల్లో అన్నింటికన్నా ఎక్కువగా కనిపించిన బ్యాక్టీరియా సూడోమోనాస్. పొగ, ధూళి, వంటచెరకు కారణంగా వచ్చే సీఓపీడీ మరో పెద్ద వర్గం. దేశంలో ఆ రోగుల సంఖ్య 1990లో 2.81 కోట్లు కాగా 2016 నాటికి 5.53 కోట్లకు చేరిందని అంచనా.

సీఓపీడీలో బ్యాక్టీరియా ప్రవర్తన అందరిలో ఒకేలా ఉండదు. అమెరికాలోని బఫలోలో 126 మంది రోగులను పదేళ్లపాటు గమనించిన పరిశోధకులు వారిలో 39 మందికి సూడోమోనాస్ సోకినట్లు 2008లో ప్రకటించారు. కొందరిలో అది కొద్దికాలం ఉండి దానంతటదే తొలగిపోయింది. మరికొందరిలో ఏళ్ల తరబడి తిష్ఠ వేసింది. కొత్త రకం ప్రవేశించినప్పుడు ఆయాసం తీవ్రమయ్యే అవకాశం ఎక్కువని కూడా వారు గుర్తించారు. పాత రకమా, కొత్త రకమా అన్నది సాధారణ కల్చర్ రిపోర్టు చెప్పలేదు.

ఆ రిపోర్టుకు మరో పరిమితి ఉంది. ప్రయోగశాలలో కఫాన్ని పళ్లెంపై పెంచి, సాధారణంగా ఒకటి రెండు గుంపులనే మందుల పరీక్షకు ఎంచుకుంటారు. గాయం నుంచి తీసిన నమూనాకు అది సరిపోవచ్చు. పదేళ్లుగా చీలుతూ వచ్చిన బ్యాక్టీరియాకు సరిపోదు. ఎంచుకున్న గుంపు మందుకు లొంగేది కావచ్చు, పక్కనున్నది లొంగనిది కావచ్చు. రిపోర్టు ప్రకారమే మందు వాడినా రోగికి నయం కాకపోవడం వెనుక ఇదీ ఒక కారణం. ఊపిరితిత్తుల ఒక భాగంలోని బ్యాక్టీరియా మరో భాగంలోని దానికి భిన్నంగా ఉండవచ్చని కూడా పరిశోధనలు చూపాయి.

అందువల్ల వైద్యులు తీసుకోవలసిన నిర్ణయాలూ వేరవుతాయి. అత్యవసర విభాగంలో ఇద్దరు రోగుల బ్యాక్టీరియా జన్యుక్రమం ఒకటేనని తేలితే వెతకవలసింది సింకునూ, సక్షన్ పరికరాన్నీ, చేతుల శుభ్రతనూ. ఛాతీ రోగిలో తొలిసారి కనిపిస్తే, అది స్థిరపడకముందే నిర్మూలించే చికిత్స గురించి ఆలోచించవచ్చు. పాతుకుపోయినదైతే పూర్తిగా తొలగించడం కష్టం. అప్పుడు కఫాన్ని క్రమం తప్పకుండా బయటకు తీయించడం, ఆయాసం ఉధృతం కాకుండా చూడడం చికిత్స లక్ష్యాలవుతాయి. ఇంట్లో నెబ్యులైజర్ వాడేవారు ప్రతిసారీ దాన్ని శుభ్రపరచి పూర్తిగా ఆరబెట్టాలి, కుళాయి నీటిని అందులో పోయరాదు. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే కఫం నమూనా ఇవ్వడం, పాత రిపోర్టులను వెంట తీసుకువెళ్లడం వైద్యుడికి ఎంతో ఉపకరిస్తాయి.

జన్యుక్రమ పరీక్ష ప్రతి రోగికీ అవసరం లేదు, ప్రతి జిల్లా ఆసుపత్రిలోనూ అది సాధ్యం కాదు. అయితే అనుమానాస్పద నమూనాలను గ్లిసరాల్‌లో కలిపి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో భద్రపరిస్తే, నెలల తరువాతైనా పెద్ద ప్రయోగశాలకు పంపి పోల్చవచ్చు. వార్డులో రెండో కేసు, మూడో కేసు బయటపడినప్పుడు మొదటి రోగి నమూనా అందుబాటులో ఉండేది అలా దాచినప్పుడే.