గుండె కండర వ్యాధులకు మందుల అన్వేషణ: జన్యుశాస్త్రం, మెషిన్ లెర్నింగ్

జబ్బుకు కారణమైన జన్యువును ముందు పట్టుకొని, తర్వాత మందు వెతికే పద్ధతికి తరచూ చెప్పే ఉదాహరణ పీసీఎస్‌కే9. ఈ జన్యువులోని మార్పే కొలెస్టరాల్‌ను విపరీతంగా పెంచుతోందని 2003లో ఫ్రెంచి కుటుంబాల్లో తేలింది. దాని ఆధారంగా చేసిన మందులు 2015లో అమెరికాలో అనుమతి పొందాయి. ఇదే పద్ధతిలో గుండె కండర వ్యాధుల పరిశోధనకు తెలుగు నేల నుంచి దక్కిన ముఖ్యమైన ఆధారం హైదరాబాద్‌లోని సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ (సీసీఎంబీ)ది.

11వ క్రోమోజోమ్ మీది ఎంవైబీపీసీ3 జన్యువు గుండె కండరం సంకోచించడానికి తోడ్పడే ప్రొటీన్‌ను తయారుచేయిస్తుంది. ఇందులో 25 బేస్ జతల ముక్క లోపించడాన్ని 2003లోనే రెండు భారతీయ కుటుంబాల్లో గుర్తించారు. పెరుందురై ధండపాణి, సీసీఎంబీకి చెందిన కుమారస్వామి తంగరాజ్ బృందం 107 జనసమూహాలకు చెందిన 6,273 మందిని పరీక్షించి, దేశ జనాభాలో దాదాపు 4 శాతం మందిలో ఈ లోపం ఉందని 2009లో 'నేచర్ జెనెటిక్స్'లో ప్రకటించింది. లోపం ఉన్నవారికి గుండె కండర వ్యాధి ముప్పు సుమారు ఏడు రెట్లని అంచనా. ఈ లోపం పుట్టి 33 వేల ఏళ్లయిందన్నది పరిశోధకుల లెక్క. ఇటువంటి కాలనిర్ణయాలను ఉజ్జాయింపుగానే తీసుకోవాలి. తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపం సంక్రమించినవారు అరుదు, వారిలో జబ్బు తీవ్రం. దగ్గరి బంధువుల పెళ్లిళ్లలో ఇలా జరిగే అవకాశం ఎక్కువ. తెలుగునాట మేనరికం పాత ఆచారమే కాబట్టి ఈ అంశం ఇక్కడివారు గమనించదగ్గది.

ఏడు రెట్ల అంచనాపై వివాదం ఉంది. లోపం ఉన్నవారిలో కొందరికే అదే జన్యువులో డీ389వీ అనే మరో మార్పు కూడా ఉందని, గుండె పనితీరులో తేడా వారిలోనే కనిపిస్తోందని 2018లో అమెరికాలోని దక్షిణాసియా వారిపై చేసిన అధ్యయనం చెప్పింది. అసలు ముప్పు పక్కనే కలిసి వస్తున్న మరో అరుదైన మార్పుదని 2020లో బ్రిటన్ పరిశోధకులు వాదించారు. కోట్లాది మంది ఈ లోపంతోనే ఆరోగ్యంగా ఉండటాన్ని బట్టి చూస్తే, తర్వాతి వివరణలే సబబుగా తోస్తాయి. మొదటి పరిశోధన విలువ అందువల్ల తగ్గదు. వెతకాల్సిన చోటు చూపింది అదే.

ఇలా వెతికే పనిలో మెషిన్ లెర్నింగ్ పాత్ర రెండు రకాలు. ఒకటి, గుండె ఎంఆర్‌ఐ చిత్రాలను వేల సంఖ్యలో కొలిచి జన్యువులతో పోల్చడం. ఇది ఎక్కువగా బ్రిటన్‌లోని ఆరోగ్య సమాచార నిధి యూకే బయోబ్యాంక్ మీద ఆధారపడింది. అందులో అత్యధికులు ఐరోపా మూలాలవారే. రెండోది, ఏ జన్యువును ఆపితే రోగకణం కుదుటపడుతుందో ముందే ఊహించడం. శాన్‌ఫ్రాన్సిస్కోలోని గ్లాడ్‌స్టోన్ సంస్థకు చెందిన క్రిస్టినా థియోడోరిస్ బృందం దాదాపు 3 కోట్ల కణాల సమాచారంతో 'జీన్‌ఫార్మర్' నమూనాను తయారుచేసి 2023లో 'నేచర్'లో వెల్లడించింది. అది సూచించిన జీఎస్‌ఎన్, పీఎల్‌ఎన్ జన్యువులను తొలగించినప్పుడు, ప్రయోగశాలలో పెంచిన బలహీన గుండె కణజాలం సంకోచశక్తి మెరుగుపడింది. రోగులపై పరీక్ష వేరే సంగతి.

గుండె కండరం మందమై రక్తప్రవాహానికి అడ్డుపడే రకం వ్యాధికి మావాకామ్టెన్ అనే మందును 2022 ఏప్రిల్‌లో అమెరికా అనుమతించింది. అది నేరుగా మయోసిన్ అనే కండర ప్రొటీన్‌పై పనిచేస్తుంది. 25 బేస్ జతల లోపానికే ప్రత్యేకించిన మందు మార్కెట్లో లేదు. భారతీయుల జన్యు సమాచారపు కొరతను తగ్గించేలా, సీసీఎంబీ భాగస్వామిగా ఉన్న జీనోమ్ ఇండియా ప్రాజెక్టు, 80కి పైగా జనసమూహాల నుంచి సేకరించిన సుమారు 10 వేల జన్యుపటాలను 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చింది.