తొలి క్షణాలు ఎవరివి?

లాప్‌టాప్ ఆన్ చేశాక మనకు అలవాటైన తెర వచ్చేలోగా కొన్ని క్షణాలు గడుస్తాయి. ఏదో కంపెనీ గుర్తు మెరిసి మాయమవుతుంది. ఆ కాసేపట్లో యంత్రం ఏం చేస్తోందో మనలో చాలామందిమి పట్టించుకోం. కథలు రాసుకుంటాం, థీసిస్ టైపు చేసుకుంటాం, ప్రూఫులు దిద్దుకుంటాం. 'లోపలి సంగతి' మాత్రం ఇంట్లో అబ్బాయికో, కంప్యూటర్ షాపతనికో వదిలేస్తాం. ఇది స్త్రీల స్వభావం అనుకుంటే పొరపాటు. దీని వెనక ఒక చరిత్ర ఉంది.

ఆ తొలి క్షణాల పనిని 'బూట్' అంటారు. బూటు పట్టీ పట్టుకుని తనని తానే పైకి లేపుకోవడం అనే ఇంగ్లిషు నానుడి నుంచి వచ్చిన మాట. కరెంటు అందిన వెంటనే కంప్యూటర్‌కి ఏమీ తెలియదు. ఒక ప్రోగ్రామ్‌ని తెచ్చుకోవాలంటే దానికి ఇంకో ప్రోగ్రామ్ కావాలి. అందుకే మొదటిదాన్ని, కరెంటు పోయినా చెరగని చోట ముందే అమర్చి ఉంచుతారు. అదే ఫర్మ్‌వేర్. యంత్రంలో ఏయే భాగాలున్నాయో చూసుకుని, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తేల్చి, పెత్తనాన్ని విండోస్‌కో లినక్స్‌కో అప్పగించేది ఇదే. 'ఫర్మ్‌వేర్' అన్న పేరు 1967లో ఆషర్ ఆప్లర్ పెట్టాడు. అప్పటి అర్థం కాస్త వేరు, తర్వాత విస్తరించింది. పేరు పెట్టినవాడు దొరికాడు సరే, పని చేసిన చేతులు ఎవరివి?

తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల గొంతులను వెతికి స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. ఉద్యమాల చరిత్రను అడిగిన ఆ ప్రశ్నను యంత్రాల చరిత్రను కూడా అడగాలి.

1946లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఎనియాక్ అనే కంప్యూటర్‌ని లోకానికి చూపించారు. దానికి ప్రోగ్రామ్ ఇవ్వడమంటే తీగలు పీకి మళ్లీ గుచ్చడం, స్విచ్‌లు తిప్పడం. ఆ పని చేసింది ఆరుగురు స్త్రీలు: కే మెక్‌నల్టీ, బెట్టీ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్సిస్ బిలాస్, రూత్ లిక్టర్‌మన్. ప్రదర్శన అయ్యాక జరిగిన విందుకు తమని పిలవలేదని, తర్వాత జీన్ బార్టిక్‌గా పేరుపడ్డ జెన్నింగ్స్ గుర్తుచేసుకుంది. 1980లలో క్యాథీ క్లైమన్ అనే విద్యార్థిని ఆ ఫోటోల్లోని స్త్రీలెవరని ఆరా తీస్తే, ఫ్రిజ్ ప్రకటనల్లోలా యంత్రం పక్కన నిలబెట్టిన మోడళ్లన్న జవాబు వచ్చింది!

ప్రతిసారీ తీగలు మార్చే బాధ తప్పించడానికి 1948లో ఎనియాక్ పద్ధతి మార్చారు. ఒక్కొక్కదానికి 1200 స్విచ్‌లున్న మూడు పట్టికల మీద ఆదేశాలను స్థిరంగా అమర్చి, యంత్రం వాటిని చదువుకునేలా చేశారు. చదవడమే తప్ప చెరపలేని ఆ జ్ఞాపకం నేటి ఫర్మ్‌వేర్‌కి పూర్వీకురాలు. ఆ రూపకల్పనలో అడెల్ గోల్డ్‌స్టైన్, బార్టిక్, క్లారా వాన్ నాయ్‌మన్ పాలుపంచుకున్నారు.

1960లలో చంద్రుడి మీదికి వెళ్లిన అపోలో నౌకల కంప్యూటర్‌లో స్థిరమైన జ్ఞాపకాన్ని అక్షరాలా నేశారు. చిన్న అయస్కాంతపు ఉంగరంలోంచి తీగ దూరితే ఒకటి, పక్కనుంచి పోతే సున్నా. మసాచుసెట్స్‌లోని వాల్తమ్‌లో రేథియాన్ ఫ్యాక్టరీలో స్త్రీలు సూది అటూ ఇటూ అందించుకుంటూ ఆ తీగలు కూర్చారు. వాళ్లలో బట్టల మిల్లుల్లో, గడియారాల ఫ్యాక్టరీలో పనిచేసి వచ్చినవాళ్లున్నారు. ఒక్క తీగ తప్పితే ప్రోగ్రామ్ తప్పుతుంది. ఇంజనీర్లు దానికి పెట్టిన ముద్దుపేరు 'ముసలమ్మల మెమరీ'. ఆ నౌకల్లో నడిచే ప్రోగ్రామ్‌లు రాసిన బృందానికి నాయకురాలు మార్గరెట్ హామిల్టన్ పేరు ఆలస్యంగానైనా ప్రపంచానికి తెలిసింది. నేసినవాళ్ల పేర్లు మాత్రం పెద్దగా బయటికి రాలేదు. ఆసు పోసి, కండెలు చుట్టిన స్త్రీ శ్రమ నేతగాడి లెక్కలో కలిసిపోయే మన చేనేత ఇళ్లు గుర్తుకు రావూ?

1965లో మేరీ అలెన్ విల్క్స్ అనే ప్రోగ్రామర్ బాల్టిమోర్‌లో తల్లిదండ్రుల ఇంట్లో లింక్ అనే కంప్యూటర్ పెట్టుకుని దానికి వ్యవస్థ రాసింది. ఇంట్లో కంప్యూటర్‌తో పనిచేసిన తొలి వ్యక్తుల్లో ఆమె ఒకరు. అంటే యంత్రం ఇంటి గడప దాటి లోపలికి వచ్చిన తొలినాళ్లలో, దాని ముందు కూర్చున్నది ఆడమనిషి.

మరి ఎప్పుడు దూరమయ్యాం? 1981లో ఐబీఎం పర్సనల్ కంప్యూటర్ వచ్చింది. అమరికలు మార్చాలంటే మూత విప్పి లోపలి చిన్న స్విచ్‌లు జరపాలి. 1984లో వచ్చిన మోడల్ ఆ అమరికలను బ్యాటరీతో బతికే చిప్‌లో దాచింది. తర్వాత మూత విప్పే పని పోయి ఒక మీట నొక్కితే చాలన్నారు. లోపలికి దారి సులువైంది. కానీ అవే ఏళ్లలో ఇంటి కంప్యూటర్‌ని అబ్బాయిల ఆటవస్తువుగా అమ్మారు. అమెరికాలో కంప్యూటర్ సైన్స్ డిగ్రీలు పొందినవాళ్లలో స్త్రీలు 1984 ప్రాంతంలో 37 శాతం దాకా ఉండగా, 2010 నాటికి దాదాపు 18 శాతానికి పడిపోయారు. మన దగ్గర అమ్మాయిలు ఆ చదువు పెద్ద సంఖ్యలోనే చదువుతున్నారు. అయినా ఇంట్లో యంత్రం మొరాయిస్తే పిలుపు తమ్ముడికే వెళ్తుంది.

ఆ దారి తెలుసుకోవడం కష్టమేం కాదు. ఆన్ చేయగానే, విండోస్ రాకముందే, సరైన మీటను వరసగా నొక్కాలి. డెల్‌లో సెట్టింగులకు ఎఫ్ 2, బూట్ మెనూకి ఎఫ్ 12. హెచ్‌పీలో ముందు ఎస్కేప్, తర్వాత సెట్టింగులకు ఎఫ్ 10, బూట్ మెనూకి ఎఫ్ 9. మిగతావాటిలో మోడల్‌ని బట్టి మారుతుంది. ఆ క్షణం చేజారిపోతుంటే, విండోస్‌లోనే షిఫ్ట్ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ ఎంచుకుంటే, ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ మీదుగా యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్ చేరవచ్చు. బూట్ మెనూలో పెన్ డ్రైవ్‌ని ఎంచుకుంటే దానిలోని వ్యవస్థ నడుస్తుంది. పాతదని మూలపడేసిన లాప్‌టాప్ తేలికపాటి లినక్స్‌తో మళ్లీ పనికొస్తుంది.

ఇక అసలు సంగతి. లాగిన్ పాస్‌వర్డ్ పెట్టుకున్నాం కాబట్టి మన డైరీ, మన ఉత్తరాలు, ఇంకా ఎవరికీ చూపించని కథ భద్రమనుకుంటాం. డిస్కుని ఎన్‌క్రిప్ట్ చేయకపోతే, బూట్ మెనూ తెరిచి వేరే పెన్ డ్రైవ్‌తో యంత్రాన్ని నడిపినవాళ్లు ఆ పాస్‌వర్డ్ అవసరం లేకుండానే అవన్నీ చదవగలరు. మనం తాళం వేసింది నడిమి గదికి, వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. అదే సెట్టింగుల్లో సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ ఉంటుంది. అది పెట్టినవాళ్లు తప్ప మరొకరు అమరికలు మార్చలేరు. మన లాప్‌టాప్‌కి అది ఎవరు పెట్టారు? భర్తా, ఆఫీసా, ఎవరూ పెట్టలేదా? అది మనమే పెట్టుకోవాలి. డిస్కుని ఎన్‌క్రిప్ట్ చేసి, రికవరీ కీని మనకే తెలిసిన చోట రాసి దాచుకోవాలి. ఫర్మ్‌వేర్ అమరికలు మారిస్తే ఆ కీ అడిగే వీలుంది కాబట్టి ముందు అది రాసుకున్నాకే మిగతావి ముట్టుకోవాలి.

తాళాలు కంపెనీలకూ ఉన్నాయి. 2012లో విండోస్ 8తో సెక్యూర్ బూట్ విస్తృతంగా వచ్చింది. గుర్తింపు సంతకం ఉన్న వ్యవస్థనే అది నడవనిస్తుంది. దొంగ ప్రోగ్రామ్‌ల నుంచి అది నిజంగానే కాపాడుతుంది. కానీ ఎవరి సంతకం చెల్లుతుందో తయారీదార్లే ముందుగా నిర్ణయించి పంపుతారు. రక్షణ పేరుతో తాళంచెవి ఇంకొకరి దగ్గరుండటం స్త్రీలకు కొత్త అనుభవమా? ఎన్నో యంత్రాల్లో సొంతదారు తన కీలు చేర్చుకునే వీలుంది. ఉందని తెలిస్తేనే అడుగుతాం.

స్విచ్‌లు తిప్పి, తీగలు నేసి ఆ తొలి క్షణాలను తయారుచేసినవాళ్లలో స్త్రీలున్నారు. అక్కడికి వెళ్లడానికి మనం ఎవరి అనుమతీ అడగక్కర్లేదు.