గృహవిద్య, చేతిపని: ముస్లిం బాలికా విద్యా చరిత్రలో ఒక ఘట్టం

గృహవిజ్ఞానం పాశ్చాత్య కళాశాలల నుంచి మన దేశానికి దిగుమతి అయిన పాఠ్యాంశమని చాలామంది అభిప్రాయం. ఉర్దూ గ్రంథ చరిత్ర తెలిసినవారు దీన్ని పూర్తిగా అంగీకరించలేరు. మన దేశంలో గృహవిజ్ఞాన కళాశాలలు వెలవడానికి దశాబ్దాల పూర్వమే ఉత్తర భారత ముస్లిం కుటుంబాల్లో ఇంటి నిర్వహణ ఒక విద్యగా పుస్తకాలకెక్కింది. అయితే ఇల్లు దిద్దుకునే విద్యకు దక్కిన గౌరవం, అవే చేతులతో నాలుగు డబ్బులు సంపాదించే విద్యకు దక్కలేదు. ఆనాటి సంస్కరణ వాదాలన్నింటి వెనుక ఈ తేడా కనిపిస్తుంది.

డిప్యూటీ నజీర్ అహ్మద్ 'మిర్ఆతుల్ ఉరూస్' అనే కథను 1869లో ప్రచురించారు. తన కుమార్తెలు చదవదగిన పుస్తకం దొరకక ఆయనే దీన్ని రాశారు. వాయవ్య రాష్ట్రాల ప్రభుత్వం దానికి వెయ్యి రూపాయల బహుమతి ఇచ్చింది. (ఈయనే తరువాత సాలార్‌జంగ్ కాలంలో హైదరాబాదు వచ్చి నిజాం ప్రభుత్వంలో ఉద్యోగం చేశారు.) కథలో అక్క అక్బరీ, చెల్లెలు అస్గరీ ఒకే ఇంటి కోడళ్లు. హజ్ చేసివచ్చిన పుణ్యాత్మురాలి వేషంలో వచ్చిన మోసగత్తెను నమ్మి అక్బరీ నగలు పోగొట్టుకుంటుంది. అస్గరీ ఇంటి లెక్కలు తిరగేసి, దుకాణాల అప్పుల చాటున కుటుంబాన్ని దోచుకుంటున్న పనిమనిషి మామా అజ్మత్ గుట్టు బయటపెడుతుంది. చదివితే ఆడపిల్ల చెడిపోతుందని భయపడే తండ్రికి ఇంతకంటే గట్టి జవాబు ఉండదు. అక్షరం, అంకె రెండూ పద్దుల పుస్తకం చేతపట్టుకుని పరదా లోపలికి ప్రవేశించాయి. కాని ఇదే అస్గరీ తన ఇంట్లో బాలికలకు చదువు చెప్పినప్పుడు జీతం ముట్టదు. గౌరవనీయ కుటుంబపు స్త్రీ విద్యకు వెల కట్టుకోవడం ఆనాటి షరీఫుల దృష్టిలో పరువు తక్కువ.

మరి భర్త పోయి, ఆస్తి కరిగిపోయి, పరదా వదలలేని స్త్రీ గతి ఏమిటి? లక్నో చికన్ పని చేసే ఎందరో స్త్రీల శ్రమ దళారుల చేతుల మీదుగా బజారు చేరేది. కుట్టినవారికి దక్కే కూలి బహు స్వల్పం.

ఈ స్త్రీని గుర్తించిన గ్రంథం, కొందరికి ఆశ్చర్యం కలిగించవచ్చు గాని, 'బిహిష్తీ జేవర్'. మౌలానా అష్రఫ్ అలీ థానవీ (రహ్మతుల్లాహి అలైహ్) 20వ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో వెలువరించిన ఈ పది భాగాల గ్రంథాన్ని ధార్మిక విధుల పుస్తకంగానే చాలామంది ఎరుగుదురు. పదవ భాగంలో చేతిపనులపై ఒక ప్రకరణం ఉంది. ఆధారం లేని స్త్రీ చేతిపనితో పొట్టపోసుకోవడంలో అవమానం లేదని మౌలానా అక్కడ స్పష్టం చేస్తారు. హజ్రత్ ఆదం సేద్యం చేశారనీ, హజ్రత్ ఇద్రీస్ బట్టలు కుట్టారనీ, హజ్రత్ దావూద్ కవచాలు తయారుచేశారనీ (అలైహిముస్సలాం) గుర్తుచేస్తారు. అంతటితో ఆగక సబ్బు, సిరా తయారుచేసే పద్ధతులు కూడా వివరిస్తారు. మోమినుల మాత హజ్రత్ జైనబ్ బిన్తె జహ్ష్ (రజియల్లాహు అన్హా) తోలు పదును చేసి, కుట్టి, వచ్చినదాన్ని దానం చేసేవారన్న సంగతి ఎరిగినవారికి ఈ వాదంలో కొత్తదనం కనిపించదు. కొత్తదనమల్లా దాన్ని సబ్బు తయారీ దాకా తీసుకురావడంలోనే ఉంది. నజీర్ అహ్మద్ కథలను స్త్రీలు చదవరాదని చెప్పిన మౌలానాయే ఈ ఒక్క విషయంలో ఆయన కంటే ఒక అడుగు ముందుకు వేశారు.

పుస్తకంలోని ఈ విద్యకు పాఠశాల కూడా కావలసివచ్చింది. ఈ విషయంలో భోపాల్ రాజ్యానిది ప్రత్యేక స్థానం. 1901లో గద్దెనెక్కిన నవాబ్ సుల్తాన్ జహాన్ బేగం 1903లో సుల్తానియా బాలికల పాఠశాల స్థాపించారు. ఆరోగ్యం, గృహ నిర్వహణల మీద స్వయంగా పుస్తకాలు రాశారు. షేక్ అబ్దుల్లా, వహీద్ జహాన్ బేగం దంపతులు 1906లో అలీగఢ్‌లో ప్రారంభించిన బాలికల పాఠశాలకు ఆర్థిక సహాయం అందించారు. 1920లో అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయానికి తొలి ఛాన్సలర్ అయ్యారు. 1928లో ఢిల్లీలో జరిగిన అఖిల భారత మహిళా సభ రెండవ సమావేశానికి అధ్యక్షత వహించారు. అప్పుడు ఆమె పాలనాబాధ్యతలు కుమారునికి అప్పగించి రెండేళ్లయింది.

ఆ మహిళా సభ కృషి ఫలితంగా 1932లో ఢిల్లీలో లేడీ ఇర్విన్ కళాశాల ఏర్పడింది. 1930లో మరణించిన బేగం దాన్ని చూడలేకపోయారు. అక్కడ గృహవిజ్ఞానంతో పాటు ఉపాధ్యాయ శిక్షణ కూడా ఇచ్చారు. ఆ విధంగా ఇంటి విద్య నేర్చుకున్న యువతి పాఠశాలలో దాన్నే బోధించి, అస్గరీ ముట్టని జీతాన్ని నెలనెలా సంతకం చేసి పుచ్చుకునే కాలం వచ్చింది.