తుగ్యానీ హిసాబ్

ఉర్దూలో తుగ్యానీ అంటే వరద ఒక్కటే కాదు. హద్దు దాటడం, తిరగబడటం కూడా. 1908 మూసీ వరదకు హైదరాబాద్ బుజుర్గులు వాడిన మాట అదే. హిజ్రీ 1326, రంజాన్ నెల అప్పుడే మొదలైంది. సెప్టెంబర్ 28న నది ఊళ్లోకి వచ్చింది. అఫ్జల్‌గంజ్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు పోయాయి. కుతుబ్‌షాహీల నాటి పురానాపూల్ నిలిచింది. చనిపోయినవాళ్లు సుమారు 15 వేలని అంచనా. అఫ్జల్‌గంజ్ దవాఖానా ఆవరణలో చింతచెట్టెక్కి 150 మంది దాకా బతికారు. ఉస్మానియా దవాఖానాలో ఆ చెట్టు ఇప్పటికీ ఉంది.

ఉర్దూ మీడియంలో చదివినవాళ్లకు అమ్జద్ హైదరాబాదీ పేరు రుబాయిలతో పరిచయం. ఆ రోజు ఆయన తల్లి, భార్య, కూతురు ముగ్గురూ కొట్టుకుపోయారు. ఆయనొక్కరే మిగిలారు. ఆ దుఃఖం మీద ఆయన రాసిన నజ్మ్ పేరు ఖయామతె సుగ్రా, అంటే చిన్న ప్రళయం.

ఇది గునాహ్‌లకు పడిన అజాబ్ అని తౌబా చేసినవాళ్లు ఎందరో. మూసీని శాంతింపజేయడానికి నిజామే పూజ చేశారన్న రివాయత్ కూడా ఉంది. మహబూబ్ అలీ పాషా మహళ్ల తలుపులు తెరిపించారు, ఆకలిగొన్నవాళ్లకు వంటశాలలు నడిపించారు. దువాలు, ఖైరాత్ అయ్యాక 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. నా నజర్‌లో ఈ కథలో అసలు మలుపు ఇదే. తకదీర్ అని వదిలేయకుండా హిసాబ్ అడిగారు.

ఆయన వానను కొలిచిన లెక్కలు తీశారు. శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాలు. తర్వాత చెరువులు లెక్కపెట్టారు. నగరానికి ఎగువన మూసీ పరీవాహకంలో 788 చెరువులు, అంటే దాదాపు చదరపు మైలుకొకటి. వాటిలో 221 తెగాయి. పై చెరువు కట్ట తెగితే ఆ నీళ్లు కింది చెరువు మీద పడతాయి, అదీ తెగుతుంది. ఎక్కడో పల్లెలో మరమ్మతు లేని కట్ట, ఇక్కడ మొహల్లాలో జనాజాలు.

అందుకే మూసీ మీద ఉస్మాన్‌సాగర్ (1920), ఈసా నది మీద హిమాయత్‌సాగర్ (1927) కట్టారు. గండిపేట అనగానే మనకు తాగునీళ్లు గుర్తొస్తాయి గానీ, వాటి మొదటి మక్సద్ వరదను ఆపి మెల్లగా వదలడం. వాటిలో వదిలిన ఖాళీ జాగానే ఊరికి హిఫాజత్.

అయితే ఆ హిసాబ్ ఆనాటి వానకు వేసింది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరి పట్టుకుంటుంది. పుణెలోని ఐఐటీఎం శాస్త్రవేత్త రాక్సీ మాథ్యూ కోల్, ఆయన సాథీలు 2017లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, మధ్య భారతంలో విస్తారంగా కురిసే అతి భారీ వానల ఘటనలు 1950 నుంచి 2015 మధ్య మూడింతలయ్యాయి. మొత్తం వర్షపాతం మాత్రం తగ్గుతోంది. వేడెక్కిన అరేబియా సముద్రం నుంచి వచ్చే తేమ ఒక్కసారిగా కుమ్మరిస్తోందని వాళ్లు తేల్చారు. వాళ్లు చూసిన ప్రాంతం మనకు ఉత్తరాన ఉంది, కానీ గాలికీ ఆవిరికీ సర్హద్దులు లేవు.

2020 అక్టోబర్‌లో మనం చూసింది మళ్లీ చెరువుల కథే. బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్‌బాబానగర్ మునిగింది. పల్లె చెరువు నీళ్లు అల్‌జుబైల్ కాలనీని ముంచాయి. ఇప్పుడు తేడా ఒకటే, 1908లో చెరువు తెగి మనమీదికి వచ్చింది, ఇప్పుడు మనమే చెరువులోకి వెళ్లి ఇళ్లు కట్టుకున్నాం. గల్ఫ్ కమాయీ, బిడ్డ పెళ్లికి దాచిన బంగారం, అన్నీ పెట్టి కొన్న ఇళ్లు. అమ్మినవాడు మాత్రం వరద రోజూ కనపడడు, బుల్డోజర్ వచ్చిన రోజూ కనపడడు.

జంట జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల వరకు, 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేసిన 111 జీవోను (1996) 2022లో 69 జీవోతో సడలించారు. దానిమీద మన జల్సాల్లో చర్చ జరిగింది తక్కువే.

ప్లాట్ చూడబోయేవాళ్లు వానాకాలంలోనే వెళ్లి చూడండి. నోటరీ కాగితం చూసి బయానా ఇచ్చేయకండి. హెచ్‌ఎండీఏ చెరువుల మ్యాపులో ఆ సర్వే నంబర్ ఎఫ్‌టీఎల్ గీతకు లోపలుందా, బయటుందా చూడండి. అక్కడ ఎప్పటినుంచో ఉంటున్న ఒక నానీమానో, పాల వ్యాపారినో పట్టుకుని, 2020లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గోడమీద చెయ్యి పెట్టి చూపించమనండి.