విజయాల్లో కోచ్ వాటా ఎంత? సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణపై ఒక పరిశీలన

జట్టు గెలిస్తే ఆ ఘనతలో కోచ్‌కు దక్కాల్సింది ఎంత? హైదరాబాద్ ఫుట్‌బాల్‌లో ఈ ప్రశ్నకు జవాబు వెతకాలంటే సయ్యద్ అబ్దుల్ రహీమ్ (1909–1963) దగ్గరికే వెళ్లాలి. బడిపంతులుగా పనిచేసిన రహీమ్ 1950 నుంచి కన్నుమూసేదాకా హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షణ ఇచ్చారు. దేశ జట్టునూ నడిపించారు.

ముందుగా ఫలితాలు చూద్దాం. పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1–10తో చిత్తయిన జట్టే, 1956 మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది.

ఇవి కోచ్ ప్రతిభకు బలమైన ఆధారాలే. అయితే పూర్తి రుజువులు కావు. పోలీసు ఉద్యోగం ఆటగాళ్లకు నెలజీతం ఇచ్చి, జట్టును చెదిరిపోకుండా కాపాడింది. తులసీదాస్ బలరామ్, పీటర్ తంగరాజ్ లాంటి మేటి ఆటగాళ్లు ఒకే తరంలో దొరకడమూ కలిసొచ్చింది.

కోచ్ చేయి స్పష్టంగా కనిపించేది 1962 జకార్తాలో. గ్రూపు దశలో భారత్ దక్షిణ కొరియా చేతిలో 0–2తో ఓడింది. తర్వాత డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీమ్ అతణ్ని పక్కన పెట్టలేదు, ముందు వరుసలో ఆడించారు. ఫైనల్లో అదే కొరియాపై భారత్ 2–1తో నెగ్గింది. పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ మరో గోల్ కొట్టారు. ఒక్క మ్యాచ్‌తో సిద్ధాంతం కట్టలేం. కానీ ఆ మార్పు కోచ్ నిర్ణయం, దాని ఫలితం స్కోరులోనే ఉంది.

బ్రెజిల్ కంటే ముందే ఆయన 4-2-4 వ్యూహం (నలుగురు డిఫెండర్లు, ఇద్దరు మిడ్‌ఫీల్డర్లు, నలుగురు ఫార్వర్డ్‌లు) ఆడించారన్న మాట తరచూ వినిపిస్తుంది. ఇక్కడ ఆచితూచి మాట్లాడాలి. ఆ వ్యూహానికి దారితీసిన, సెంటర్ ఫార్వర్డ్‌ను వెనక్కి దించి ఆడే పద్ధతిని హంగరీ 1953లోనే ఇంగ్లండ్‌పై 6–3 విజయంతో ప్రపంచానికి చూపింది. కాబట్టి రహీమే ఆద్యుడనడం కన్నా, అదే కాలంలో అలాంటి ఆలోచనలను ఇక్కడ ఆచరణలో పెట్టారనడం సబబు.

ఆయన తర్వాత అంతా ఒక్కసారిగా కూలిపోయిందనడమూ నిలవదు. 1964 ఆసియా కప్‌లో భారత్ రన్నరప్, 1970 ఆసియా క్రీడల్లో కాంస్య విజేత. ఆసియా క్రీడల స్వర్ణం మాత్రం మళ్లీ రాలేదు.

రహీమ్ తీరులో బాగా గుర్తుండిపోయేది సాధన. ఒకే టచ్‌లో పాస్ ఇవ్వడం, వాటం లేని కాలితోనే ఆడించే పోటీలు. ఇందుకు పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. హైదరాబాద్‌లోని ప్రగతి నగర్ టర్ఫ్ మైదానాల్లో సాయంత్రం పిల్లలకు నేర్పే కోచ్‌లు దీన్ని రేపే మొదలుపెట్టొచ్చు. రహీమ్ పేరు నిలవాల్సింది అతిశయోక్తుల్లో కాదు, ఆ పిల్లల ఎడమకాలి పాస్‌లలో.