మాజీ సైనికులు – న్యాయవిద్య: 1944 నాటి అమెరికా చట్టం, దాని పరిమితి

రెండవ ప్రపంచ యుద్ధం ఇంకా సాగుతుండగానే, 1944 జూన్ 22న అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ మాజీ సైనికుల పునరావాస చట్టంపై సంతకం చేశారు. ‘జి.ఐ. బిల్’గా ప్రసిద్ధమైన ఈ చట్టం చదువుకు ఏడాదికి 500 డాలర్ల వరకు రుసుమును, జీవనానికి నెలవారీ భృతిని కల్పించింది. దీని ఆసరాతో దాదాపు 22 లక్షల మంది కళాశాలల్లో, విశ్వవిద్యాలయాల్లో చేరారు. న్యాయ కళాశాలలకూ ఈ ప్రవాహం చేరింది.

జాన్ పాల్ స్టీవెన్స్ జీవితం ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. నౌకాదళంలో శత్రువుల రహస్య సందేశాలను విశ్లేషించిన ఆయన, ఈ చట్టం సహాయంతో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో చదివి 1947లో న్యాయపట్టా పొందారు. అనంతరం షికాగోలో వ్యాపార గుత్తాధిపత్య నిరోధక చట్టాలలో నిపుణుడైన న్యాయవాదిగా పేరు గడించారు. 1975లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యారు.

మెడ్గర్ ఎవర్స్ కూడా అదే యుద్ధంలో ఐరోపాలో పనిచేసిన సైనికుడే. నల్లజాతీయుడైన ఆయన 1954లో మిసిసిపి విశ్వవిద్యాలయ న్యాయ కళాశాలకు దరఖాస్తు చేసుకోగా, జాతి కారణంగా ప్రవేశం దక్కలేదు.

ఈ వ్యత్యాసానికి వీలు కల్పించిన లోపం చట్ట నిర్మాణంలోనే ఉంది. చట్టపాఠంలో జాతి ప్రస్తావన లేదు. అయితే ప్రయోజనం దక్కాలంటే ముందుగా ఏదో ఒక విద్యాసంస్థ అభ్యర్థిని చేర్చుకోవాలి. ఆ సంస్థలపై కేంద్ర ప్రభుత్వం అజమాయిషీ చేయరాదని చట్టమే నిషేధించింది. రుసుము కేంద్రానిది, ప్రవేశాధికారం సంస్థలది. కనుక ఈ చట్టం సాధించిన సామాజిక చలనాన్ని వ్యయంతో మాత్రమే అంచనా వేయడం అసమగ్రం. ప్రవేశాధికారం ఎవరి చేతిలో ఉందన్నదీ పరిశీలించాలి.